పడిపోయినవారు తిరిగి వచ్చుట
పాపము, దైవన్యాయము, క్షమాపణలను గూర్చి సంఘచరిత్ర నేర్పిన పాఠములు



శతజయంతి సంచికలలో మొదటి మిషనరీల పటములను, గుడి కట్టుటకు రాళ్లు మోసిన పెద్దల పేర్లను, గురువుల పట్టికలను అచ్చువేయుట వాడుక. అది మంచి వాడుకయే. మన పితరులను మరచిన యెడల మనము ఎవరమో మనకే తెలియకపోవును. అయితే పాత పాస్టరేటు పుస్తకములను తిరుగవేసిన వారికి మరియొక వరుస పేర్లు కూడ కనబడును. అవి సంస్కారపు బల్లకు దూరము చేయబడినవారి పేర్లు. కొన్ని పేర్ల ప్రక్క వారిని తిరిగి చేర్చుకొనిన తేదీ వ్రాయబడి యుండును. కొన్ని పేర్ల ప్రక్క ఏమియు ఉండదు. వారు ఏమైరి? మారుమనస్సు పొందలేదా, లేక పొందియు మన తలుపు తట్టుటకు సిగ్గుపడిరా, లేక తట్టినను మనము తీయలేదా?

ఈ ప్రశ్న మనతో పుట్టినది కాదు. సంఘము పుట్టిన రెండు వందల సంవత్సరములకే ఈ ప్రశ్న దానిని రెండుగా చీల్చినంత పని చేసెను. దేవుడు న్యాయవంతుడు గనుక పాపమును చూచి చూడనట్లు ఊరకుండడు. దేవుడు దయామయుడు గనుక పాపిని విడిచిపెట్టడు. ఈ రెండు మాటలను ఒకే నోటితో పలుకుట సులభమే గాని ఒకే సంఘములో నడిపించుట సులభము కాదు. మన పూర్వికులైన విశ్వాసులు దీనిని ఎట్లు నేర్చుకొనిరో, ఎక్కడెక్కడ తడబడిరో ఈ వ్యాసములో క్లుప్తముగా చూతము.

మన భాషలో తప్పు, వెలి

మన తెలుగులో ‘తప్పు’ అను మాటకు రెండు అర్థములు కలవు. చేసిన దోషమును తప్పు అందుము. ఆ దోషమునకు పెద్దలు విధించిన జరిమానాను కూడ తప్పు అనియే అందురు. కులపెద్దలు తప్పు వేసిరి, అతడు తప్పు కట్టెను అనుట పల్లెలలో విన్న మాటయే. కట్టినచో ఆ సంగతి అంతటితో తీరిపోవును. కట్టనివానికి వెలి. నిప్పు, నీళ్లు, పొత్తు అన్నియు బందు. ఈ పద్ధతిలో పెరిగిన మన తాతలు సువార్త వినినప్పుడు, పాపమును కూడ ఒక తప్పుగాను, పాపక్షమాపణను తప్పు కట్టి చెల్లువేసికొనుటగాను భావించిన యెడల ఆశ్చర్యము లేదు.

కాని లేఖనములు పాపమును ఇంతకంటె లోతుగా చూచును. పాత నిబంధనలోని హెబ్రీ మాటకును క్రొత్త నిబంధనలోని గ్రీకు మాటకును గురి తప్పుట అను భావము కలదు. పాపమనగా ఒక కట్టడను మీరుట మాత్రమే కాదు. దేవుడు మనలను ఏ గురికి నిర్మించెనో ఆ గురినుండి తొలగిపోవుట. ఇది కట్టి తీర్చుకొను బాకీవంటిది కాదు, తిరిగి రావలసిన దారి. అందుచేతనే మన బైబిలులో ‘మారుమనస్సు’ అను చక్కని మాట వాడబడెను. మనస్సు మారవలెను, నడక తిరగవలెను. తప్పిపోయిన కుమారుని ఉపమానములో తండ్రి కుమారునికి తప్పు వేయలేదు. అయితే కుమారుడు పందుల పొలమునుండి లేచి రావలసియే వచ్చెను.

దెకియస్ చక్రవర్తి ఆజ్ఞ

క్రీ.శ. 249లో రోమా సింహాసనమెక్కిన దెకియస్ చక్రవర్తి, సామ్రాజ్యములోని ప్రజలందరును దేవతలకు బలి అర్పించి ధూపము వేయవలెనని ఆజ్ఞాపించెను. 250లో ఈ ఆజ్ఞ ఊరూర అమలు జరిగెను. అధికారుల యెదుట బలి అర్పించినవానికి ఒక ధ్రువపత్రము ఇయ్యబడెడిది. అట్టి పత్రములు నలుబదికి పైగా ఐగుప్తు ఇసుకలో దొరకినవి. నేటికిని వాటిని చదువవచ్చును.

అంతకు ముందు చాల కాలము సంఘమునకు నెమ్మది యుండెను. ఆ నెమ్మదిలో చేరినవారు అనేకులు ఈ పరీక్షకు నిలువలేకపోయిరి. కొందరు బలి అర్పించిరి. కొందరు చిటికెడు సాంబ్రాణి వేసి వచ్చిరి. మరికొందరు బలి అర్పింపకయే లంచమిచ్చి పత్రము కొనుక్కొనిరి. అయితే నిలిచినవారును కలరు. రోమా బిషప్పైన ఫేబియన్ 250 జనవరిలో ప్రాణము విడిచెను. ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజి పట్టణములో అనేకులు చెరసాల పాలైరి, చిత్రహింసలు పొందిరి.

హింస చల్లారినంతనే పడిపోయినవారు ఏడ్చుచు తిరిగి వచ్చిరి. ఇక్కడనే అసలైన చిక్కు కలిగెను. ఒక కుటుంబములో తండ్రి చెరలో చనిపోయెను, పొరుగింటివాడు పత్రము కొని సుఖముగా నుండెను. ఇద్దరి కుటుంబములును రేపటి ఆదివారము ఒకే బల్లయొద్దకు రావలెనా? వచ్చిన యెడల చనిపోయినవాని రక్తమునకు విలువ ఏమి? రానియ్యని యెడల పేతురును క్షమించిన ప్రభువు పేరు మనకు తగునా? చూడుడి, ఇది పండితుల వాదము కాదు. విధవరాండ్ర కన్నీళ్లతో తడిసిన ప్రశ్న.

సిప్రియన్ నడిపిన త్రోవ

అప్పుడు కార్తేజి బిషప్పు సిప్రియన్. ఆయన హింసాకాలమున పట్టణము విడిచి దాగియుండి, ఉత్తరములద్వారా సంఘమును నడిపించెను. దీనినిబట్టి ఆయనను నిందించినవారు లేకపోలేదు. పడినవారిని గూర్చి తీర్పు చెప్పవలసినవాడు తానే పారిపోయినవాడనిపించుకొనుట ఎంత కష్టమో మనము ఊహింపగలము.

చెరలోనున్న సాక్షులకు సంఘములో గొప్ప గౌరవము ఉండెను. పడిపోయినవారు వారియొద్దకు పోయి, తమను చేర్చుకొనవలసినదని సిఫారసు పత్రములు వ్రాయించుకొనిరి. మప్పాలికస్ అను హతసాక్షి పడిపోయిన తన తల్లికిని సహోదరికిని మాత్రమే అట్టి సమాధానము కోరెను. కాని మరికొందరు ఇంటివారందరితో కూడ ఫలానావానిని చేర్చుకొనుడని లెక్కలేకుండ వ్రాసియిచ్చిరి. పశ్చాత్తాపము విచారింపబడలేదు, పేర్లైనను సరిగా లేవు. సిప్రియన్ దీనికి ఒప్పుకొనలేదు. గాయము కడుగకుండ పైన కట్టు కట్టిన యెడల లోపల కుళ్లుననునదే ‘పడిపోయినవారు’ అను తన గ్రంథములో ఆయన వాదనకు సారము.

251లో ఈస్టరు పండుగ తరువాత కార్తేజిలో బిషప్పుల మహాసభ కూడెను. వారు అందరినీ ఒకే త్రాసులో తూచలేదు. పత్రము కొన్నవారిని ఒక్కొక్కరిగా విచారించి, పశ్చాత్తాపము కనబరచినవారిని చేర్చుకొనవచ్చుననిరి. బలి అర్పించినవారు దీర్ఘకాలము పశ్చాత్తాపములో నుండవలెను. మరణము సమీపించినచో వారికి సమాధానము ఇయ్యవలెను. కొంతకాలమునకే మరల హింస రానైయుండగా, పశ్చాత్తాపములో నిలిచినవారినందరిని ముందుగానే చేర్చుకొనిరి. యుద్ధమునకు పంపబడువానికి ఆయుధము ఇయ్యక పంపుట ఎట్లని వారి ఆలోచన. క్రీస్తు శరీరరక్తములే ఆ ఆయుధము.

అదే కాలములో భయంకరమైన తెగులు వ్యాపించెను. తమను హింసించినవారికి కూడ పరిచర్య చేయుడని సిప్రియన్ విశ్వాసులను పురికొల్పెను. చివరకు 258 సెప్టెంబరు 14న వలేరియన్ చక్రవర్తి కాలమున ఆయన తల నరకబడెను. ఒకప్పుడు పారిపోయెనని నిందింపబడినవాడు ఈసారి కదలలేదు.

నిచ్చెన వేసికొని ఒంటరిగా ఎక్కుము

రోమాలో నొవేషియన్ అను పండితుడు దీనికి భిన్నమైన త్రోవ పట్టెను. 251లో కొర్నేలి బిషప్పుగా ఎన్నుకొనబడినప్పుడు ఇతడు పోటీ బిషప్పై నిలిచెను. విశ్వాసమును త్రోసివేసినవానిని దేవుడు క్షమించిన క్షమించుగాక, సంఘమునకు మాత్రము క్షమించు అధికారము లేదనునది అతని వాదము. అతని అనుచరులు తమ్మును ‘పవిత్రులు’ అని పిలుచుకొనిరి. వారు దుర్మార్గులు కారు. భక్తిపరులు, బోధలో సరియైనవారు. కాని వారి సంఘములో పడినవానికి చోటు లేదు.

325లో నైసియా మహాసభ కూడినప్పుడు కాన్‌స్టాంటైన్ చక్రవర్తి అకేసియస్ అను నొవేషియన్ బిషప్పును పిలిచి, నీవు మాతో ఎందుకు కలియవని అడిగెనట. ఘోరపాపము చేసినవారిని బల్లయొద్దకు రానియ్యరాదని అకేసియస్ చెప్పెను. అట్లైన ఒక నిచ్చెన వేసికొని నీవు ఒక్కడవే పరలోకమునకు ఎక్కుమని చక్రవర్తి పరిహసించెనని 5వ శతాబ్దపు సంఘచరిత్రకారుడు సోక్రటీసు వ్రాసెను. మన పెద్దల సభలలో కూడ అప్పుడప్పుడు ఈ నిచ్చెనను తలంచుకొనుట మేలు.

అయితే నైసియా సభ తేలికగా విడిచిపెట్టినది అనుకొనరాదు. ఒత్తిడి లేకయే పడిపోయినవారిని గూర్చి దాని 11వ కట్టడ ఇట్లు నిర్ణయించెను: మూడు సంవత్సరములు వాక్యము వినువారితో నుండవలెను, ఏడు సంవత్సరములు సాగిలపడి ప్రార్థించువారితో నుండవలెను, రెండు సంవత్సరములు ప్రజలతో ప్రార్థనలో పాల్గొనవలెను గాని బల్లలో పాలు పొందరాదు. మొత్తము పండ్రెండు సంవత్సరములు. ఇది మనకు కఠినముగా తోచును. కాని గమనించుడి: వాడు బయటికి గెంటివేయబడలేదు. వాని చోటు మారెనే గాని వాడు గుడి విడువలేదు. ప్రతి మెట్టుకు ఒక గడువు కలదు, గడువు చివర బల్ల కలదు. 13వ కట్టడ, చావు బ్రతుకుల మధ్య నున్నవానికి ప్రభు భోజనము నిరాకరింపరాదని చెప్పెను. మన వెలికిని ఈ క్రమశిక్షణకును గల భేదము ఇదే. వెలికి గడువు లేదు.

గోధుమలు, గురుగులు

303లో డయోక్లీషియన్ చక్రవర్తి లేఖనములను అప్పగించి కాల్చవలెనని ఆజ్ఞ ఇచ్చినప్పుడు ఆ చిక్కు మరల లేచెను. ఈసారి ప్రశ్న గురువులను గూర్చినది. గ్రంథములను అప్పగించిన బిషప్పు చేతినుండి అభిషేకము పొందినవాని పరిచర్య చెల్లునా? కార్తేజి బిషప్పు సిసీలియన్‌ను అభిషేకించిన ఫెలిక్స్ అట్టివాడని కొందరు ఆరోపించిరి. విచారణలో ఫెలిక్స్ నిర్దోషి అని తేలినను చీలిక ఆగలేదు. డొనాటస్ నాయకత్వమున వేరైన సంఘము వంద సంవత్సరములకు పైగా నడిచెను. ఊరికి ఇద్దరు బిషప్పులు, వీధికి రెండు గుళ్లు. ఒక్క ప్రభువును నమ్మినవారు ఒకరి నీళ్లు ఒకరు త్రాగని స్థితికి వచ్చిరి.

హిప్పో బిషప్పు అగస్టీన్ వీరికి ఇచ్చిన జవాబు నేటికిని సంఘమునకు ఆధారము. సంస్కారములు క్రీస్తువి గాని ఇచ్చువానివి కావు. చేయి మురికిదైనను విత్తనము మొలకెత్తును. ప్రభువు తన పొలములో గోధుమలను గురుగులను కోతకాలమువరకు కలిసి ఎదుగనిచ్చెను. అగస్టీన్ ఈ మాట పైనుండి చెప్పలేదు. తన పాపములను ‘ఒప్పుకోలు’ అను గ్రంథములో బహిరంగముగా వ్రాసినవాడు ఆయన. పదునారేండ్ల ప్రాయమున స్నేహితులతో కలిసి పొరుగువాని చెట్టు పండ్లు దొంగిలించినది ఆకలికి కాదు, చెడు చేయుటలోని సరదాకే అని ఆయన ఒప్పుకొనెను.

ఇక్కడ మనము ఒక చేదు సంగతి కూడ చెప్పవలెను. 411లో కార్తేజిలో ఇరుపక్షముల బిషప్పులు వందలకొలది కూడి వాదించిరి. చక్రవర్తి పక్షమున వచ్చిన అధికారి డొనాటిస్టులకు వ్యతిరేకముగా తీర్పు ఇచ్చెను. తరువాత జరిమానాలు, బలవంతములు వచ్చినవి. మొదట బలవంతము వద్దనిన అగస్టీన్ చివరకు దానిని సమర్థించెను. క్షమాపణను గూర్చి అంత లోతుగా వ్రాసినవాడు ప్రభుత్వపు కర్రను ఆశ్రయించుట విచారకరము. సరియైన బోధ ఉన్నంతమాత్రమున సరియైన హృదయము ఉండునని లేదు.

చక్రవర్తి కన్నీళ్లు

ఈ వివాదము సాగుచుండగనే, 390లో థెస్సలొనీక పట్టణములో అల్లరి జరిగి ఒక సేనాధిపతి చంపబడెను. థియొడోసియస్ చక్రవర్తి కోపముతో పట్టణస్థులమీదికి సైన్యమును పంపెను. వేలమంది చంపబడిరని పాత చరిత్రకారులు వ్రాసిరి. అప్పుడు మిలాను బిషప్పు అంబ్రోస్, అగస్టీన్‌కు 387లో బాప్తిస్మమిచ్చినవాడు, చక్రవర్తికి ఒక ఉత్తరము వ్రాసెను. తమరు ఉన్నచోట నేను బల్లను ఆచరింపజాలను, దావీదువలె తమరును పశ్చాత్తాపపడవలెను అని దాని సారాంశము. అంబ్రోస్ గుడి వాకిట చక్రవర్తిని చేయిపెట్టి ఆపెనను కథ తరువాతివారు పెంచి చెప్పినది. ఉత్తరము మాత్రము నిజమైనది, నేటికిని నిలిచియున్నది.

చక్రవర్తి తన రాజచిహ్నములు తీసివేసి గుడిలో అందరి యెదుట పాపము ఒప్పుకొనెను. ఆ సంవత్సరము క్రిస్మసుకు ఆయన బల్లకు చేర్చుకొనబడెను.

ఇందులో రెండు పాఠములు కలవు. మొదటిది: సంఘ క్రమశిక్షణ కూలివానికే గాని దొరకు కాదను మాట సువార్తలో లేదు. మన పాస్టరేటులలో సంస్కారమునకు దూరమైనవారి పట్టిక చదివి, అందులో భూమి, ఉద్యోగము, పలుకుబడి కలవారు ఎందరో లెక్కించిన యెడల మనము సిగ్గుపడవలసి రావచ్చును. రెండవది: చంపబడినవారి కుటుంబములను గూర్చి ఆ కథలో ఎవరును అడుగలేదు. పాపి దేవునితో సమాధానపడెను గాని గాయపడినవాని సంగతి మరువబడెను. ఇది సంఘచరిత్రలో పదే పదే జరిగిన లోపము.

సిలువయొద్ద న్యాయమును ప్రేమయు

దేవుడు ఊరకనే ఏల క్షమింపరాదు? సిలువ ఏల కావలసి వచ్చెను? ఈ ప్రశ్నకు కాంటర్బరీ ఆర్చిబిషప్పైన ఆన్సెల్మ్ 1098లో ‘దేవుడు ఏల మానవుడాయెను’ అను గ్రంథమును ముగించి జవాబు చెప్పెను. పాపమనగా దేవునికి చెల్లవలసిన ఘనతను చెల్లింపకపోవుట. దానిని ఊరకనే కొట్టివేసిన యెడల లోకములో న్యాయమునకు చోటు లేదు, నీతిమంతుడును దుష్టుడును ఒక్కటియే. చెల్లింపవలసినవాడు మానవుడు, చెల్లింపగలవాడు దేవుడు ఒక్కడే. కావున దేవుడును మానవుడును అయినవాడే చెల్లించెను.

ఆయన తరువాతి తరమువాడైన అబేలార్డ్ అనునతడు మరియొక వైపు చూపెను. సిలువలో కనబడిన ప్రేమ మన రాతిగుండెను కరిగించి మనలో ప్రేమను పుట్టించుననియు, విమోచనము ఇదేననియు అతడు బోధించెను. ఇరువదవ శతాబ్దములో స్వీడను దేశపు బిషప్పు గుస్తాఫ్ ఔలెన్, ప్రాచీన పితరులు సిలువను ముఖ్యముగా పాపమరణములమీద క్రీస్తు పొందిన జయముగా చూచిరని గుర్తుచేసెను.

వీటిలో ఏది సరియని మనలో కొందరు వాదింతురు. మనకు తోచినంతవరకు ఇవి ఒకే కొండకు మూడు వైపులు. ఆన్సెల్మ్ లేనియెడల పాపము చిన్నదగును. అబేలార్డ్ లేనియెడల దేవుడు వడ్డీవ్యాపారివలె కనబడును. జయమను మాట లేనియెడల తరతరములుగా అణగద్రొక్కబడినవారికి సువార్త సగమే అందును. మన పితరులలో అనేకులు పాపినని వినుటకంటె ముందు, మనుష్యుడవని వినగోరినవారు. చేసిన పాపమునుండియు, తమ మీద చేయబడిన పాపమునుండియు విడుదల వారికి కావలసియుండెను.

సొమ్ముకు చిక్కిన క్షమాపణ

మధ్యయుగములలో సంఘ శిక్షలను తగ్గించు పత్రములు బయలుదేరెను. రోమాలో పరిశుద్ధ పేతురు ఆలయ నిర్మాణమునకై జర్మనీలో వీటిని అమ్మిరి. ఆ సొమ్ములో సగము మైన్జ్ ఆర్చిబిషప్పు పదవికై చేసిన అప్పు తీర్చుటకు పోయెను. దోషము వేరు, దోషమునకు కట్టు తప్పు వేరని మనము పైన చెప్పుకొన్నాము. ఇక్కడ ఆ రెండును కలిసిపోయెను. బీదవాడు తన చనిపోయిన తల్లి కొరకు ఉన్నదంతయు ఊడ్చి పెట్టెను.

1517 అక్టోబరు 31న మార్టిన్ లూథర్ తన 95 వాదములను ప్రకటించెను. వాటిలో మొదటిదే మారుమనస్సును గూర్చినది. విశ్వాసి బ్రతుకంతయు మారుమనస్సుగా నుండవలెనని ప్రభువు కోరెననునది దాని భావము. పత్రము ఒక్కసారి కొని పెట్టెలో పెట్టుకొనవచ్చును, మారుమనస్సును పెట్టెలో పెట్టుకొనలేము. దేవుడు విశ్వాసమువలన పాపిని నీతిమంతునిగా తీర్చుననునది లూథర్ తిరిగి కనుగొన్న సంతోషవార్త.

ఈ సంగతిమీద విడిపోయిన సంఘములు 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్ పట్టణములో ఒక ఉమ్మడి ప్రకటనమీద సంతకము చేసినవి. లూథరన్లును రోమన్ కాథలిక్కులును, కృపచేతనే రక్షణ అను మూలసత్యమున ఏకీభవించిరి. 2006లో మెథడిస్టులు, 2017లో రిఫార్మ్డ్ సంఘములు అందులో చేరినవి. 482 సంవత్సరములు పట్టెను! సంఘములే ఒకదానినొకటి క్షమించుటకు ఇంత కాలము పట్టినప్పుడు, పొలము గట్టు తగవుపడి మాటలు మానిన మన అన్నదమ్ములను గూర్చి మనము నిరాశపడనక్కరలేదు. ఆలస్యము చేయను కూడదు.

చౌక కృపయు, ఖరీదైన క్షమయు

జర్మనీలో హిట్లరు పాలనలో డీట్రిక్ బాన్‌హాఫర్ అను పాస్టరు 1937లో ప్రచురించిన గ్రంథములో ‘చౌక కృప’ అను మాట వాడెను. మారుమనస్సు కోరకుండ క్షమాపణ ప్రకటించుట, క్రమశిక్షణ లేకుండ బాప్తిస్మమిచ్చుట చౌక కృప. ఆయన 1945 ఏప్రిల్ 9న ఉరితీయబడెను. తాను వ్రాసినదాని ఖరీదు తానే చెల్లించెను.

ఖరీదైన క్షమ ఎట్లుండునో మన పొరుగు రాష్ట్రమే చూచినది. గ్రహం స్టెయిన్స్ 1965లో ఆస్ట్రేలియానుండి వచ్చి ఒరిస్సాలోని బారిపదాలో కుష్ఠురోగుల సేవ చేసెను. 1999 జనవరి 22వ తేది రాత్రి మనోహర్‌పూర్ గ్రామములో, తన కుమారులు పదేండ్ల ఫిలిప్, ఆరేండ్ల తిమోతిలతో కారులో నిద్రించుచుండగా ఒక గుంపు ఆ వాహనమునకు నిప్పు పెట్టెను. ముగ్గురును దహింపబడిరి. ఆయన భార్య గ్లాడిస్, హంతకులను తాను క్షమించితినని చెప్పెను. తన కుమార్తెతో ఆ ఊరనే యుండి కుష్ఠురోగుల సేవను మరికొన్ని సంవత్సరములు సాగించెను. 2005లో భారత ప్రభుత్వము ఆమెకు పద్మశ్రీ ఇచ్చెను.

న్యాయస్థానములు తమ పని తాము చేసినవి. ప్రధాన నిందితునికి 2003లో మరణశిక్ష పడెను. 2005లో హైకోర్టు దానిని యావజ్జీవ శిక్షగా మార్చెను. 2011లో సుప్రీంకోర్టు దానిని స్థిరపరచెను. ఆమె క్షమ నేరమును నేరము కాదనలేదు. విచారణ వద్దనలేదు. ద్వేషమునకు తన హృదయములో చోటు ఇయ్యలేదు, అంతే. న్యాయమును క్షమాపణయు ఒకదానికొకటి శత్రువులు కావని ఇంతకంటె తేటగా చూపిన ఉదాహరణము మనకు దొరకదు.

ఇంకొక మాట. ఆ క్షమ ఆమె స్వయముగా ఇచ్చినది. ఎవరును ఆమెచేత బలవంతముగా పలికింపలేదు. మన మధ్యనో? భర్త కొట్టిన స్త్రీతో, ప్రభువు క్షమించుమన్నాడు గదమ్మా, సర్దుకొనుమని చెప్పి పంపుదుము. సంఘపు సొమ్ము తిన్నవానిని, పోనీలెండి, మనవాడే గదా అని విడుతుము. కొట్టినవాడు గాని తిన్నవాడు గాని మారెనా అని అడుగము. మేము ఎరిగిన ఒక సంఘములో కానుకల లెక్క అడిగిన ముసలి విశ్వాసికి క్షమాగుణము లేదని పేరు పెట్టిరి. ఆయన గుడికి వచ్చుట మానివేసెను. సొమ్ము తిన్నవాడు ముందు బెంచీలో కూర్చుండెను. సిప్రియన్ ఉండిన యెడల కడుగని గాయముమీద కట్టు అని దీనినే అనును. గాయపడినవానిమీద క్షమను రుద్దుట, గాయపరచినవానిని అడుగకుండుట, ఈ రెండును చౌక కృపయే.

శతజయంతి వేళ మన కర్తవ్యము

1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు, వేరువేరుగా నడచిన సంఘములు ఒకే బల్లకు వచ్చినవి. 1950లో సిద్ధమైన ప్రభు భోజన క్రమములో పాపపు ఒప్పుకోలు కలదు, క్షమాపణ ప్రకటన కలదు, అర్పణకు ముందు సమాధానము ఇచ్చిపుచ్చుకొనుట కలదు. గురువు చేతులనుండి బయలుదేరిన సమాధానము ఒకరి చేతులనుండి ఒకరి చేతులకు చివరి వరుసవరకు పోవును. బలిపీఠమునొద్ద అర్పణము విడిచి ముందు సహోదరునితో సమాధానపడుమని ప్రభువు కొండమీద చెప్పినదానిని ఈ క్రమము మన చేతులకు నేర్పుచున్నది. ప్రక్క బెంచీలోని వానితో చేతులు కలిపి, మాట కలుపకుండ ఇంటికి పోయిన యెడల ఆ క్రమము మనమీద సాక్ష్యము పలుకును.

కావున మూడు విన్నపములు చేయుచున్నాము. మొదట, ప్రతి పాస్టరేటు కమిటీ తన పాత పుస్తకములను తెరచి, దూరము చేయబడి తిరిగి రానివారి పేర్లు వ్రాసికొనవలెను. బ్రతికియున్నవారి ఇంటికి గురువును ఇద్దరు పెద్దలును పోవలెను. నోటీసు పంపుట కాదు, కాళ్లతో పోవలెను. వెలికి గడువు లేదని చెప్పితిమి. శతజయంతి సంవత్సరమే ఆ గడువు కానిండు. రెండవది, గాయపడినవారిని ముందుగా వినవలెను. క్షమింపుమని వారికి చెప్పుటకంటె ముందు, మీకు జరిగినది అన్యాయమే అని చెప్పగల నోరు సంఘమునకు ఉండవలెను. లెక్క అడిగినందుకు దూరమైనవారుంటే, వారి యెదుట సంఘమే తప్పు ఒప్పుకొనవలెను. మూడవది, క్రమశిక్షణ విధించునప్పుడు ధనికునికి దరిద్రునికి ఒకే త్రాసు ఉండవలెను, త్రాసు చివర తప్పక బల్ల ఉండవలెను.

చేసిన పాపము చెబితే పోవునని మనవారు అందురు. ఎవరికి చెప్పవలెననునది ఆ సామెతలో లేదు. దేవునికి చెప్పవలెను, గాయపడినవానికి చెప్పవలెను. అప్పుడు వినుటకు తలుపు తెరచియున్న సంఘము ఉండవలెను. వంద సంవత్సరములుగా దేవుడు మనలను భరించెను. పడినప్పుడెల్ల లేపెను. లేపబడినవారము గనుక తలుపు తీయుట మన వంతు.

న్యాయమును కనికరమును గల మన దేవునికే మహిమ కలుగును గాక. ఆమేన్.